పైడయ్య గారి కిలోలీటరు

ఈ ఉదయం వంటింటి కుళాయి తిప్పి బిందె కింద పెట్టగానే బ్లీచింగ్ పౌడరు వాసన గుప్పుమంది. రెండు రోజులుగా వానలు పడుతున్నాయి. సరఫరా వాళ్లు మందు కాస్త పెంచినట్టున్నారు. మా మనవరాలు ముక్కు మూసుకుని, ఈ నీళ్లు తను తాగనని హిందీలో గొణుక్కుంటూ బయటికి పోయింది. నేను గ్లాసు నింపుకుని, గట్టుకు ఆనుకుని నిలబడి, నెమ్మదిగా తాగాను. ఆ ఘాటు వాసన చాలామందికి ఆసుపత్రి వరండాను గుర్తు చేస్తుందట. నాకు మాత్రం ఒక మనిషిని గుర్తు చేస్తుంది. సన్నగా, పొడుగ్గా, పిక్కల దాకా మడిచిన ఖాకీ ప్యాంటుతో, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న గాజు గొట్టంతో తిరిగిన పైడయ్య గారు. బిలాస్‌పూర్‌లో మా రైల్వే కాలనీకి నీళ్లిచ్చే పంపుహౌసులో ఆయన మేస్త్రీ. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన నేర్పిన చదువు నేను ఏ కళాశాలలోనూ చదవలేదు.

మాది ఖమ్మం దగ్గర ఊరు. రసాయనశాస్త్రంలో డిగ్రీ పూర్తయ్యాక, బ్యాంకు ఉద్యోగం మీద బిలాస్‌పూర్‌లో ఉంటున్న మా అన్నయ్య ఇంటికి వచ్చాను. అక్కడే ఏదో పరీక్ష రాస్తే నీళ్ల పరీక్షలు చేసే అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. అవి ఎనభైల నడిమి సంవత్సరాలు. నాకు ఇరవై మూడేళ్లు. పంపుహౌసు పక్కన ఒక చిన్న గది, ఒక చెక్క బల్ల, కొన్ని గాజు గొట్టాలు, ఒక త్రాసు. అదే నా సామ్రాజ్యం. మొత్తం పంపుహౌసులో డిగ్రీ ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఎవరూ నాకు గుర్తు చేయనక్కర్లేదు, నేనే రోజుకు నాలుగుసార్లు గుర్తు చేసుకునేదాన్ని.

పైడయ్య గారిది టెక్కలి వైపు. తండ్రి రైలు పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోతే, ఆయన ఐదో తరగతితో చదువు ఆపి రైల్వేలో ఖలాసీగా, అంటే కూలీగా, చేరారు. ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టడం మొదటి పని. అక్కణ్నించి పైపులు, పంపులు, చివరికి పంపుహౌసు మేస్త్రీ. నేను చేరిన మొదటి రోజు ఆయన నాకు పంపులూ, వాల్వులూ అన్నీ చూపించి, ఆఖరున రిజిస్టరు తెరిచారు. రోజూ ఎన్ని కిలోలీటర్ల నీళ్లు ఎక్కాయో, ఎంత మందు పడిందో అందులో రాయాలి. ఆయన మాత్రం నింపిన ట్యాంకీకొక గీత, వేసిన డబ్బాకొక గీత గీసి ఊరుకునేవారు. తాను లేనప్పుడు అంకెల్లో రాయడం నా పని అని చెప్పి, కిలోలీటరు అంటే ఎంతో తెలుసా అని అడిగారు. వెయ్యి లీటర్లు అన్నాను, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"అది అంకె తల్లీ. అదెంతుంటాదో తెల్సా?" అన్నారు.

ఆయన పంపుహౌసు వెనక వైపు చెయ్యి చూపించి, అక్కడ ఇటుకలతో కట్టిన చిన్న తొట్టి ఉందనీ, పొడవూ వెడల్పూ లోతూ సరిగ్గా మీటరుందనీ, తీరిక ఉన్నప్పుడు ఒకసారి బకెట్లతో నింపి చూడమనీ చెప్పారు. నాకు చిన్నతనంగా అనిపించింది. డిగ్రీ చదివినదాన్ని, బడిపిల్లలా బకెట్లు మోయమంటాడేమిటి ఈయన అనుకున్నాను. అలాగే లెండి అని నవ్వి ఊరుకున్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కాలనీ నడుమ, ఇనప స్తంభాల మీద పాతకాలపు నీళ్ల ట్యాంకీ ఒకటి ఉండేది. ఎప్పుడో తెల్లవాళ్ల నాటిది. వంతులవారీగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాన్ని నింపేవారు. నింపిన ప్రతిసారీ బ్లీచింగ్ పౌడరును నీళ్లలో కలిపి, తేటను ట్యాంకీలో వదలాలి. పైడయ్య గారి దగ్గర దానికొక రేకు డబ్బా ఉండేది. మామూలు రోజుల్లో ఒక గీత దాకా, వానాకాలంలో నిండుగా. ఆయన ఏనాడూ తూచినట్టు కనిపించలేదు.

నేను చేరిన మూడో నెలలో, వానలు బాగా పట్టాక, ఊళ్లో ఆయన అన్నగారు పోయారని కబురొచ్చింది. కర్మకాండ అయ్యేదాకా ఉండాలి, పన్నెండు రోజులకు సెలవు పెట్టారు. వెళ్లే ముందు నన్ను పిలిచి, వానాకాలం కాబట్టి కిలోలీటరు నీటికి నాలుగు గ్రాముల మందు పడాలనీ, రోజూ ఆఖరి లైను దాకా వెళ్లి కుళాయి నీళ్లు పరీక్ష చేయమనీ చెప్పారు. రైలుకు వేళవుతోంది. డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

ఆయన వెళ్లిన మర్నాడే నేను ఆ డబ్బాను త్రాసులో పెట్టాను. నిండా పోస్తే తొమ్మిది వందల గ్రాముల పైన తూగింది. నేను ట్యాంకీ కిందికి వెళ్లి తలెత్తి చూశాను. దాని పొట్ట మీద పోతపోసిన ఇనప పలక ఒకటి ఉంది. ఏళ్ల తరబడి రంగు మీద రంగు వేయడంతో అక్షరాలన్నీ పూడుకుపోయాయి. 50,000 అనే అంకె మాత్రం లావుగా ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. యాభై వేలు. అంటే యాభై కిలోలీటర్లు. కిలోలీటరుకు నాలుగు గ్రాముల చొప్పున రెండు వందల గ్రాములు చాలు. ఈయన నాలుగింతలకు మించి పోస్తున్నాడన్నమాట, ఇన్నేళ్లుగా కాలనీ అంతా ఈ ఘాటు నీళ్లు తాగుతోందన్నమాట. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు కలిగింది ఆందోళన కాదు, సంతోషం. చదువుకున్నదాన్ని వచ్చాను కాబట్టి ఒక తప్పు బయటపడింది అనుకున్నాను. ఆ రోజు నుంచి రెండు వందల గ్రాములు శ్రద్ధగా తూచి, కలిపి, వదిలాను. రిజిస్టరులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పంపుహౌసులోని కుళాయి నీళ్లు గొట్టంలో పట్టి, పరీక్ష మందు రెండు చుక్కలు వేస్తే లేత పసుపు రంగు తేలింది. మందు ఉంది అనడానికి అది చాలు. వానలో బురదలో ఆఖరి లైను దాకా పోవడం ఎందుకని మానేశాను.

కాలనీ వాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఆఖరి లైనులో సుఖబాయి అనే ఆవిడ ఉండేది. భర్త రైలు పట్టాల గ్యాంగులో పని చేసేవాడు. ఆవిడ రోజూ మా పంపుహౌసు ముందునుంచే బజారుకు వెళ్లేది. ఒకరోజు ఆగి, ఈ మధ్య నీళ్లు తియ్యగా ఉంటున్నాయని, వాసన లేదని, అంతా చదువుకున్న నోనీ వచ్చిన వేళా విశేషమని అంది. నోనీ అంటే అక్కడి మాటలో పిల్ల, అమ్మాయి అని. నేను పొంగిపోయాను.

తొమ్మిదో రోజున ఆఖరి లైనులో ఇద్దరు పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని విన్నాను. మర్నాటికి నలుగురు. ఆ పై రోజుకు ఐదుగురు ఆసుపత్రిలో ఉన్నారు, అందులో సుఖబాయి కూతురు ఫూల్‌మతి ఒకతె. ఆరేళ్ల పిల్ల. వానాకాలంలో పిల్లలకు మామూలే అని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నా లెక్కకూ ఆ పిల్లల జబ్బుకూ సంబంధం ఉండొచ్చన్న ఊహే నాకు రాలేదు. తప్పు చేసినవాళ్లకు అనుమానమైనా ఉంటుంది. సరిగ్గా చేశానని నమ్మినవాళ్లకు అదీ ఉండదు.

పైడయ్య గారు పదమూడో రోజు పొద్దున రైలు దిగారు. గుండు చేయించుకున్న తల మీద తువ్వాలు, చేతిలో సంచి. ఇంటికి కూడా వెళ్లలేదు. స్టేషనులోనే ఎవరో పిల్లల సంగతి చెప్పారట. నేరుగా ఆఖరి లైనుకు వెళ్లి, జేబులోని గొట్టంలో కుళాయి నీళ్లు పట్టుకుని, పంపుహౌసుకు వచ్చారు. నా బల్ల మీద గొట్టం పెట్టి, పరీక్ష మందు చుక్కలు వేయమన్నారు. వేశాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఇంకో రెండు చుక్కలు వేశాను. అప్పుడూ రంగు మారలేదు.

ఆయన రిజిస్టరు తెరిచి, ఒక్కో పేజీ మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చారు. రెండు వందలు, రెండు వందలు, రెండు వందలు. ట్యాంకీ ఎంతదని రాసీసినావు అని అడిగారు. యాభై అన్నాను.

"యాభై ఏటి?"

"యాభై కిలోలీటర్లండీ. ట్యాంకీ మీద యాభై వేలని ఉంది కదా."

"యాభై వేల ఏటి తల్లీ?" అన్నారు ఆయన, ఇంకా మెల్లగా.

నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు. అవి గ్యాలన్లనీ, తెల్లవాళ్ల కాలంలో లీటర్లు లేవనీ, ఒక్కో గ్యాలను నాలుగున్నర లీటర్ల పైచిలుకనీ ఆయన చెప్పారు. ఆ ట్యాంకీ యాభై కిలోలీటర్లు కాదు, రెండు వందల ఇరవై ఏడు. నేను కాగితం మీద హెచ్చవేసి చూసుకున్నాను. రెండు వందల ఇరవై ఏడుకు కాస్త పైనే తేలింది. తొమ్మిది వందల గ్రాములు పడాల్సిన చోట రెండు వందలు వేశాను. పన్నెండు రోజులు, రోజుకు రెండుసార్లు. పంపుహౌసు దగ్గర కనిపించిన ఆ లేత పసుపు, పైపుల్లో అంత దూరం వెళ్లేసరికి ఏమీ మిగలకుండా ఇంకిపోయింది. ఆయన తూచలేదని నేననుకున్న తూనిక ఆ డబ్బాలోనే ఉంది. నాకు కనిపించనిది అదే.

కుర్చీలో కూర్చుండిపోయాను. ఆయన డబ్బా నిండా మందు తీసుకుని వెళ్లి కలిపించారు, ఆఖరి లైను చివరి వాల్వు విప్పి పాత నీళ్లు వదిలేయమని మనిషిని పంపారు, ఇంజనీరు గారికి కబురు చేశారు. ఇవన్నీ అరగంటలో అయిపోయాయి. తర్వాత నా గదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, పద అన్నారు. ఎక్కడికి అని అడిగాను. ఆఖరి లైనులో అరవై ఇళ్లున్నాయి, మూడు రోజులు నీళ్లు కాచి తాగమని చెప్పాలి అన్నారు. ఎవరైనా ఖలాసీని పంపితే పోతుంది కదా అన్నాను.

"ఖలాసీ అయితే నీళ్లు కాసుకోమని సెప్తాడు. ఎందుకు కాసుకోవాలో నువ్వే సెప్పాల."

ఆ అరవై గుమ్మాలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. మొదటి గుమ్మం సుఖబాయిది. ఆయన గేటు దగ్గరే ఆగిపోయారు. నన్ను ఒంటరిగా పంపించాలని కాదు; నా వెనక నిలబడితే, తన మొహం చూసి వాళ్లు నన్ను తేలిగ్గా వదిలేస్తారని. సుఖబాయి అప్పుడే ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చింది. నేను నాకొచ్చిన హిందీలో చెప్పాను. నీళ్లలో మందు తక్కువ వేశాననీ, లెక్క తప్పాననీ, తప్పు నాదేననీ.

"కాబర, నోనీ?" అంది ఆవిడ. ఎందుకమ్మా అని.

ఎందుకో చెప్పబోయాను. గ్యాలన్లూ లీటర్లూ అంటూ మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను. ట్యాంకీ ఎంత పెద్దదో నాకు తెలియదు, తెలుసనుకున్నాను అన్నాను. ఆవిడ తలుపు దగ్గరికి వేసుకుంది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. పక్కింట్లో ఒక ముసలాయన తిట్టాడు, ఇంకో ఇంట్లో కాచడానికి బొగ్గులెవరిస్తారని అడిగారు. మధ్యాహ్నం దాటేసరికి పైడయ్య గారు డిపో నుంచి రెండు బస్తాల బొగ్గు తెప్పించి లైను మొదట్లో పెట్టించారు. అరవయ్యో ఇల్లు అయ్యేసరికి నా గొంతు పోయింది.

సాయంత్రం రిపోర్టు రాయమన్నారు. ఏం రాయాలో ఆయన చెప్పలేదు. జరిగింది జరిగినట్టు, నా పేరుతో రాసి సంతకం పెట్టాను. ఆయన దాన్ని చదివి, మడిచి, ఇంజనీరు గారికి తానే ఇస్తానని జేబులో పెట్టుకున్నారు. వారం పదిరోజుల్లో నాకు పైనుంచి ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. ఉద్యోగం పోతుందని భయపడినదానికి అది చాలా తక్కువ. నా అదృష్టం అనుకున్నాను.

పిల్లలు ఐదుగురూ కోలుకున్నారు. ఫూల్‌మతికి మాత్రం రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. నేను రోజూ డ్యూటీ అయ్యాక ఆసుపత్రికి వెళ్లి, వరండాలో నిలబడి, లోపలికి వెళ్లే ధైర్యం లేక వచ్చేసేదాన్ని. పిల్ల ఇంటికి వచ్చిందని తెలిసిన రోజున పైడయ్య గారిని అడిగాను, ఆ పిల్లలు నా వల్లే జబ్బు పడ్డారా అని. ఆయన ఓదారుస్తారనుకున్నాను. పంపుకు నూనె పట్టించడం ముగించి నా వైపు తిరిగారు.

"తెల్దమ్మా. వానాకాలం, పిల్లలు ఏ నీళ్లు ఎక్కడ తాగినారో. నీ వల్ల కాదని నేను సెప్పనేను, నీ వల్లే అనీ సెప్పనేను. తెల్దని ఒప్పుకుని పని సేసుకోవాల."

ఆ జవాబు అప్పుడు నాకు కఠినంగా తోచింది. అబద్ధమైనా సరే, కాదులే తల్లీ అని ఉంటే బాగుండేదనుకున్నాను. ఏళ్లు గడిచాక తెలిసింది, నన్ను అంత గౌరవించి ఎవరూ మాట్లాడలేదని.

ఆ ఆదివారం నేనే పంపుహౌసుకు వెళ్లి, ఆ ఇటుక తొట్టి చూపించమని అడిగాను. అచ్ఛా అని ఒక్కమాట అని, గోడ వారనున్న పదిహేను లీటర్ల బకెట్లు రెండు పట్టుకొచ్చారు. నీళ్లు పోయడానికి ముందు నన్ను తొట్టిలోకి దిగమన్నారు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దిగాను. గోడ నా నడుము పైదాకా వచ్చింది. చేతులు చాపితే రెండు పక్కలా దాటిపోయాయి. ఆ నాలుగు గోడల మధ్య నిలబడి చూస్తే, రోజూ రిజిస్టరులో ఒక చిన్న గీతలా రాసే 'ఒకటి' నా చుట్టూ లేచి నిలబడినట్టుంది.

తర్వాత నింపడం మొదలుపెట్టాను. ఆయన కుళాయి దగ్గర ఒక బకెట్టు నింపి ఉంచుతుంటే, నేను మోసి పోసి, లెక్క పెట్టాను. ఇరవై బకెట్లకే భుజాలు లాగాయి. నలభై దగ్గర ఆగి మెట్టు మీద కూర్చున్నాను. అప్పుడు ఆయన ఆ తొట్టి కథ చెప్పారు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో అంతా గ్యాలన్లే. ఏ ఇంజను ఎన్ని గ్యాలన్లు తాగుతుందో చూపుతోనే చెప్పగలిగేవారు. ఉన్నట్టుండి లీటర్లొచ్చాయి. కాగితాల మీద మారిపోయినంత తేలిగ్గా ఆయన బుర్రలో మారలేదు. ఎవరైనా కిలోలీటరంటే కళ్ల ముందు ఏమీ కనిపించేది కాదు. తప్పు చేస్తాననే భయంతో నిద్ర పట్టేది కాదట. చదువుకున్నవాళ్లను అడగడానికి సిగ్గు. చివరికి మిగిలిపోయిన ఇటుకలు అడిగి తెచ్చుకుని, మీటరు బద్దతో కొలుచుకుంటూ, ఈ తొట్టి తానే కట్టుకున్నారు. నింపడం, తోడడం, మళ్లీ నింపడం. నెల రోజులకు కిలోలీటరు ఆయన కంటికి ఆనింది. తర్వాత ట్యాంకీలోకి దిగి చుట్టుకొలతా లోతూ కొలిచి, కాలనీ బడిలో మాష్టారి చేత లెక్క కట్టించుకుని, ఆ లెక్కకు సరిపడా మందు ఒకసారి తూచి, ఆ డబ్బా మీద గీతలు గీసుకున్నారు. నేను తప్పు పట్టిన డబ్బా అది.

అరవై ఆరు బకెట్లు నిండుగా పట్టాయి. అరవై ఏడోది మూడింట రెండు వంతులు పోశాక నీళ్లు గోడ అంచుకు వచ్చి వణికాయి. నా అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఇప్పుడు ట్యాంకీ కేసి సూడు. ఇలాటివి రెండొందల ఇరవై ఏడు," అన్నారు.

తలెత్తి చూశాను. మూడు నెలలుగా రోజూ చూస్తున్న ట్యాంకీయే. అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క తొట్టెడు నీళ్లు పాతికమందికి ఒక రోజుకు సరిపోతాయని, తాగడానికి, వంటకు, ఒంటి మీద పోసుకోవడానికి కలిపి మనిషికి నలభై లీటర్లు వేసుకోమని కూడా ఆయన ఆరోజే చెప్పారు. అప్పటినుంచి కిలోలీటరంటే నాకు పాతికమంది.

మరుసటి వారం ఆయన నిచ్చెన వేయించుకుని ట్యాంకీ ఎక్కి, ఆ ఇనప పలక కింద నల్ల రంగుతో 227 కిలోలీటర్లు అని తానే హిందీలో రాశారు. ఇంజనీరు గారిని అడిగి ఇంగ్లీషులోనూ రాయించారు. కింద తెలుగులో కూడా రాశారు, వంకర అక్షరాలతో. ఆ తెలుగు ఎవరి కోసమో నేను అడగలేదు. సుఖబాయి కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. వానలు తగ్గేవేళకు ఒకరోజు వచ్చి, పొద్దున పట్టిన నీళ్లకు వాసన లేదని చెప్పింది. వెళ్లి చూస్తే నిజంగానే ఒక వాల్వు సరిగా తిరగలేదు. ఆ తర్వాత ఆవిడ రోజూ కుళాయి దగ్గర వంగి వాసన చూసి, తేడా ఉంటే వచ్చి చెప్పేది. నా పరీక్ష గొట్టం కంటే ఆవిడ ముక్కే నయమని పైడయ్య గారు అనేవారు.

రెండేళ్ల తర్వాత వచ్చిన ఎండాకాలంలో, బిలాస్‌పూర్ పక్కనున్న మస్తూరీ వైపంతా బావులు అడుగంటాయి. గతౌరా స్టేషనుకు రోజూ ట్యాంకు వ్యాగన్లలో నీళ్లు పంపేవాళ్లం. స్టేషను సిబ్బందికనే పంపినా, చుట్టుపక్కల వాళ్లు బిందెలతో వచ్చి వరస కట్టేవారు. మా దగ్గరా నీళ్లు తగ్గుతున్నాయి, రెండు వ్యాగన్లకు బదులు ఒకటి పంపితే చాలదా అని ఇంజనీరు గారు ఒక సమావేశంలో అడిగారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన ముందున్న కాగితం మీద ఇరవై రెండు కిలోలీటర్లు ఆదా అని ఉంది, అంతే. పైడయ్య గారు నా వంక చూశారు. నేను లేచి, ఇరవై రెండు కిలోలీటర్లంటే ఐదు వందల యాభై మంది సార్ అన్నాను. ముందురోజే మేమిద్దరం గతౌరా వెళ్లి వరసలో నిలబడిన తలలు లెక్కపెట్టి వచ్చాం. గొడ్లకు మనిషికంటే ఎక్కువే కావాలని ఆయన వాటినీ విడిగా రాయించారు. ఇంజనీరు గారు ఆ కాగితం అడిగి తీసుకుని చదివారు. వానలు పడేదాకా రెండు వ్యాగన్లూ వెళ్లాయి. కాలనీలో పూటకు అరగంట తగ్గించి సర్దుకున్నాం. తిరిగి వస్తుంటే పైడయ్య గారు ఏమీ మెచ్చుకోలేదు. దారిలో బండి దగ్గర ఆగి నాకో చెరుకు రసం ఇప్పించారు.

తొంభైలు మొదలైన కొత్తలో ఆయన రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఆయన గురించి నాలుగు మాటలు రాసి చదవమని నాకు చెప్పి, వివరాల కోసం ఆయన సర్వీసు ఫైలు చూడమన్నారు. ముప్పై ఏళ్లకు మించిన ఉద్యోగం. చేరిన తేదీలు, బదిలీలు, ఒకటి రెండు మెప్పు కాగితాలు. ఆ మధ్యలో ఒకే ఒక్క హెచ్చరిక పత్రం ఉంది. తేదీ చూస్తే, నాకు హెచ్చరిక వచ్చిన రోజే. దానికి జతచేసి ఆనాటి నా రిపోర్టు ఉంది. నా సంతకం కింద, ట్యాంకీ మీద రాసినటువంటి వంకర అక్షరాలతో, ఆయన చేత్తో హిందీలో మూడు వాక్యాలున్నాయి. ట్యాంకీ గ్యాలన్లదని ఈ అమ్మాయికి చెప్పవలసినవాణ్ని నేను. చెప్పకుండా సెలవు మీద వెళ్లాను. తప్పులో నా భాగం రాసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఫైలు మూసి, నేరుగా ఆయన క్వార్టరుకు వెళ్లాను. ఊరికి తీసుకెళ్లే సామానుకు తాడు కడుతున్నారు. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నన్ను కాపాడడానికి మీ మీద ఎందుకు వేసుకున్నారని అడిగాను. ఆయన తాడు ముడి బిగించి, ఆశ్చర్యంగా చూశారు.

"నిన్ను కాపాడ్డానికేటి, నేను అబద్ధం రాసినానా? ఆ పలక మీద రంగులేయించింది నేనే తల్లీ. అచ్చరాలు పూడిపోనాయని నాకు తెల్సు. నాకు తెల్సు గదాని ఊరుకున్నాను."

ఆ తర్వాత ఇంకేదో మాట్లాడారు, రైలు టైము గురించి, ఊళ్లో ఇంటికి వేయించాల్సిన పైకప్పు గురించి. నాకు వినిపించలేదు. ఇన్నేళ్లుగా ఆయన గొప్పతనం నన్ను క్షమించడంలో ఉందనుకున్నాను. ఆయన దృష్టిలో క్షమించడానికేమీ లేదు. నాది తెలియక చేసిన తప్పు, ఆయనది తెలిసీ చెప్పని తప్పు. రెంటినీ పక్కపక్కన పెట్టి, కొలిచి, ఎవరి వంతు వాళ్లకు రాశారు. సభలో నేను రాసుకున్న పొగడ్తలు పక్కన పెట్టేసి, ఆ మూడు వాక్యాలు చదవనా అని ఆయన్ని అడిగాను. సదువు, కొత్తగా సేరినోళ్లుంటారు అన్నారు. చదివాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంజనీరు గారు లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. కొడుకు రాసిన ఉత్తరం ఆలస్యంగా చేరింది, వెళ్లలేకపోయాను. ఆయన తర్వాత నేను ఇంకా చాలాకాలం ఆ పనిలోనే ఉన్నాను. నా కింద ఎందరో పని చేశారు, నాకంటే పెద్ద చదువులవాళ్లు. ఎవరికి ఏ బాధ్యత అప్పగించినా నాకు తెలిసినదంతా చెప్పేదాన్ని, ఇంత చిన్న విషయం ఎవరికైనా తెలిసే ఉంటుంది అనిపించేవి కూడా. వాల్వు ఏ వైపు తిరుగుతుందో, ఏ అంకె పక్కన ఏ కొలత ఉందో, ఏ మీటరు ఎంత తప్పు చూపిస్తుందో. చెప్పి, వాళ్ల నోటితో మళ్లీ చెప్పించుకునేదాన్ని. వెనక నవ్వుకునేవారని నాకు తెలుసు. చాదస్తం అనేవారు, కొందరు మొహం మీదే విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను. నాకు తెలుసు కదా అని ఊరుకోవడం మాత్రం, పైడయ్య గారిని ఎరిగినదాన్ని, నాకు చేతకాలేదు.